హెరిటేజ్ రైలుకి పిల్లల్ని తీసుకెళ్లాం, కిటికీ సీటు గొడవ తప్ప ఎవరికీ ఏం గుర్తులేదు

ఆరో_క్లాసు_టీచర్
పోయిన వారం మా ఆరో తరగతి ఎ సెక్షన్ పిల్లల్ని, మొత్తం 64 మందిని, ఒక హెరిటేజ్ రైల్వేకి తీసుకెళ్లాం. ఆవిరి ఇంజను, పాత చెక్క బోగీలు, చిన్న మ్యూజియం, అన్నీ ఉన్నాయి. స్కూళ్ల కోసం ప్రత్యేకంగా "విద్యా కార్యక్రమం" కూడా ఉందన్నారు. తీరా వెళ్తే ఆ కార్యక్రమం ఏమిటంటే, పిల్లల్ని ప్లాట్‌ఫారం మీద ఎండలో వరసగా నిలబెట్టి 40 నిమిషాల ఉపన్యాసం. ఇంజను ఎప్పుడు తయారైంది, ఏ కంపెనీ, చక్రాల అమరిక ఏమిటి, బాయిలర్ ఎన్నిసార్లు విప్పారు. ఆ పెద్దాయన ప్రాణం పెట్టి చెప్పారు పాపం, కాదనను. కానీ పదో నిమిషానికే వెనక వరసలో ఒకళ్ల బ్యాగు జిప్పు ఒకళ్లు తీయడం మొదలైంది.

తర్వాత వర్క్‌షీట్ ఇచ్చారు. 22 ఖాళీలు. జవాబులన్నీ మ్యూజియం బోర్డుల మీదే ఉన్నాయి. ఒకడు బోర్డు చూసి రాశాడు, మిగతా 63 మంది వాడిని చూసి రాశారు.

మర్నాడు క్లాసులో ఏం గుర్తుందని అడిగితే కిటికీ పక్కన ఎవరు ఎక్కువసేపు కూర్చున్నారన్న పంచాయితీ, కంట్లో పడ్డ మసి. ఒక్క అబ్బాయి మాత్రం "టీచర్, డ్రైవర్‌కి అర్జెంటైతే ఎక్కడికి వెళ్తాడు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకూ జవాబు తెలియలేదు.

వచ్చే ఏడాది ఇది వద్దంటున్నారు మా హెడ్‌మాస్టర్ గారు. రెండు నెలల్లో బి సెక్షన్ వంతు ఉంది, అదొక్కటీ మిగిలింది. ఏం మార్చమంటారు?

అడ్డంగా_మాట్లాడతా
పిల్లలు రైలెక్కారు, సంతోషపడ్డారు. అది చాలదా? ప్రతిదానికీ "ఏం నేర్చుకున్నారు" ఏమిటండీ.

వెనక_పెట్టె_గార్డు
ముందు ఆ అబ్బాయికి జవాబు చెప్పండి. ఆవిరి ఇంజన్‌లో మరుగుదొడ్డి ఉండదు. స్టేషన్‌లో ఆగినప్పుడే. మధ్యలో అవసరం పడితే... 33 ఏళ్లు గార్డుగా చేశాను, చాలా చూశాను, ఇక్కడ రాసేవి కావు.

ఊరికే_చదివేవాడు
గార్డు గారూ రాయండి రాయండి

మోడరేటర్
వద్దు.

బొగ్గుమసి
నేను ఒక హెరిటేజ్ లైన్లో సెలవు రోజుల్లో వాలంటీర్‌ని. మీరు చెప్పిన పెద్దాయన నేనే అనుకుని ఉలిక్కిపడ్డా. కాదులెండి, మా వర్క్‌షీట్‌లో 18 ఖాళీలే.

మా వైపు సంగతి కాస్త చెప్తాను. వేల్స్‌లో టాలిలిన్ రైల్వే మూతపడబోతుంటే 1951లో వాలంటీర్లు చేతుల్లోకి తీసుకుని నడిపారు. ఔత్సాహికులు కాపాడి నడిపిన రైల్వేల్లో ప్రపంచంలో అదే మొదటిది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఇలాంటి లైన్లలో చేరేవాళ్లు ఇంజను మీద పిచ్చితో చేరతారు గానీ పాఠం చెప్పాలని కాదు. స్కూళ్లు రావడం తర్వాత మొదలైంది. కాబట్టి మాకు బాయిలర్ గురించి శిక్షణ ఉంది, పదకొండేళ్ల పిల్లల గురించి లేదు. మేం నలభై ఏళ్లుగా మమ్మల్ని మేం వేసుకుంటున్న ప్రశ్నలకి పిల్లల ముందు నిలబడి జవాబు చెప్తాం. వాళ్లడిగింది మరుగుదొడ్డి గురించి.

మా దగ్గర ఉపన్యాసం ఎత్తేశాం. దాని బదులు అట్ట టికెట్. మందపాటి అట్టముక్క, సుమారు 57 మిల్లీమీటర్ల పొడవు, 31 వెడల్పు. 1830ల చివర్లో థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లిష్ స్టేషన్ మాస్టరు మొదలుపెట్టిన పద్ధతి. అంతకుముందు గుమాస్తా ప్రతి ప్రయాణికుడికీ చేత్తో చీటీ రాసేవాడు. ఎడ్మండ్‌సన్ ముందే నంబర్లు అచ్చువేయించి, తేదీ కొట్టడానికి ఓ ఇనప మిషను పెట్టాడు. ఒక్కో పిల్ల తన టికెట్‌ని ఆ మిషను సందులోకి తోస్తుంది, టక్ మంటుంది, తేదీ అచ్చు పడుతుంది. అచ్చంటే సిరా మరకలా కాదు, వేలితో తడిమితే గుంట తెలుస్తుంది. ఆ టక్ కోసం రెండోసారి క్యూలో నిలబడతారు.

తర్వాత ఒకటే ప్రశ్న: నంబర్లు 0001 నుంచి కాకుండా 0000 నుంచి ఎందుకు మొదలుపెట్టారు? చెప్పం. ఇంటికి పట్టుకెళ్లమంటాం.

ఊరికే_చదివేవాడు
ఎందుకు?

బొగ్గుమసి
ఇంటికి పట్టుకెళ్లండి.

ఫిజిక్స్_మాస్టారు
బొగ్గుమసి గారి మాటలో సగం ఒప్పుకుంటా. తప్పంతా ఆ పెద్దాయన మీద తోసేయడం మాత్రం బాలేదు. టీచర్ గారూ, ఏమీ అనుకోకండి, వెళ్లే ముందు క్లాసులో ఏం చేశారు? మీ పోస్టులో ఆ ముక్కే లేదు.

నేను తొమ్మిదో తరగతిని తీసుకెళ్లే వారం ముందు బోర్డు మీద ఒక్క లైను రాస్తా: ఇంజను నిప్పుతో నడుస్తుందా, నీళ్లతో నడుస్తుందా? క్లాసు రెండు ముక్కలవుతుంది. నేను నోరెత్తను. కొట్టుకోనిస్తా. ఒక లీటరు నీళ్లు మామూలు వాతావరణ పీడనంలో ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. బాయిలర్‌లో అంత చోటు లేదు. మరి అది ఎటు పోవాలి? ఆ ఒక్క అనుమానం బుర్రలో పెట్టుకుని వెళ్లినవాడు ఇంజను దగ్గర ఆ ఆవిరి తోసే పిస్టన్ ఎక్కడుందో వాడే వెతుక్కుంటాడు.

ఇంకోటి. ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే గది) పైకప్పులో మధ్యలో సీసం నింపిన ప్లగ్గు ఉంటుంది, బొటనవేలంత. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పైన నీళ్లున్నంతసేపూ కింద ఎంత మంటున్నా దానికి ఆ వేడి ఎక్కదు, నీళ్లు లాగేస్తాయి. నీళ్లు తగ్గి కప్పు ఎండిపోయిందా, సీసం కరిగి ఆవిరి బుస్సుమంటూ ఫైర్‌బాక్స్‌లోకి దిగుతుంది. సిబ్బందికి అదే ఆఖరి హెచ్చరిక. ఇది చెప్పగానే మా క్లాసులో ఓ అమ్మాయి "కుక్కర్ మూత మీదుండే సేఫ్టీ ప్లగ్గు కూడా ఇదేనా సార్?" అంది. అదే. నేను పదిహేనేళ్లుగా పాఠం చెప్తున్నా, ఆ పోలిక నాకెప్పుడూ తట్టలేదు.

ఆరో_క్లాసు_టీచర్
మాస్టారూ, నిజమే. ముందు క్లాసులో చేసిందల్లా బస్సు లిస్టు, పేరెంట్స్ సంతకాలు, వాటర్ బాటిల్ మర్చిపోవద్దని మూడుసార్లు చెప్పడం. ఒప్పుకుంటున్నా. కానీ నావి ఆరో తరగతి పిల్లలు, పీడనం ఇంకా రాలేదు.

ఫిజిక్స్_మాస్టారు
రానక్కర్లేదు. వాలు చెప్పండి. నీలగిరి రైల్వేలో కల్లార్ నుంచి కూనూరు దాకా చోట్ల సుమారు 12 మీటర్లు ముందుకెళ్తే 1 మీటరు ఎక్కుతుంది. వరండాలో 12 స్కేళ్లు వరసగా పరచండి, చివర ఒక స్కేలు నిలబెట్టండి. పిల్లలు "ఇంతేనా?" అంటారు. నున్నటి ఇనప చక్రానికి నున్నటి పట్టా మీద ఆ "ఇంతే" చాలా ఎక్కువ, అందుకే అక్కడ పట్టాల మధ్య పళ్ల చట్రం వేశారు, ఇంజను పళ్ల చక్రంతో పట్టుకుని ఎక్కుతుంది. డార్జిలింగ్ లైనుకి పళ్లు లేవు. అదేం చేసింది? లూపులు తిప్పుకుంటూ, జిగ్‌జాగ్‌లలో ముందుకీ వెనక్కీ నడుస్తూ ఎక్కింది, పైగా ఇంజను ముందు మనుషులు కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లుతారు. ఒకే సమస్య, రెండు కొండలు, రెండు జవాబులు. మీదగ్గర లైను చదునుగా ఉన్నా ఈ ఆట ఆడించొచ్చు.

అడ్డంగా_మాట్లాడతా
అంతా బాగుంది. మూడో పీరియడ్‌లో వాతావరణ మార్పు, బొగ్గు కాల్చకూడదు అని చెప్తాం. నాలుగో పీరియడ్‌లో బస్సెక్కించి బొగ్గు కాలుస్తుంటే చప్పట్లు కొట్టిస్తాం. పిల్లలు వెర్రివాళ్లు కారు.

బొగ్గుమసి
ఈసారి మీరు అడ్డంగా కాదు, నిలువుగానే మాట్లాడారు. మమ్మల్ని పిల్లలు ఇప్పుడు తరచూ అడిగేది ఇదే. మొదట్లో మా వాళ్లు మొహం చిట్లించుకునేవాళ్లు. ఇప్పుడు ఫైర్‌మన్ నేరుగా చెప్తాడు: అవును, పొగ వస్తుంది, ఇవాళ ఇన్ని పారల బొగ్గు వేశాను, లెక్క మీరే కట్టండి. దాచితేనే కదా దొరికిపోవడం.

ఇద్దరు_పిల్లల_తల్లి
పీడనాలూ వాలులూ సరే. మా పెద్దాడికి ఆటిజం ఉంది. స్కూలు వాళ్లు ఇలాంటి ట్రిప్‌కే తీసుకెళ్లారు. బండి కదిలే ముందు సిలిండర్లలో చేరిన నీళ్లు పోవడానికి కింద చిన్న కుళాయిల్లాంటి కాక్‌లు తెరుస్తారట, పక్కల నుంచి ఒక్కసారిగా బుస్సని తెల్లటి ఆవిరి. సరిగ్గా వీడు నిలబడ్డ చోట. మీద పడలేదు, కానీ వాడు ప్లాట్‌ఫారం మీద కూర్చుండిపోయి చెవులు మూసుకుని ఇరవై నిమిషాలు లేవలేదు. టీచర్లకి ఏం చెయ్యాలో తెలియలేదు. మిగతా పిల్లలు రైలెక్కి వెళ్లిపోయారు, వీడూ, స్కూలు ఆయమ్మా స్టేషన్లో ఉండిపోయారు.

ఆర్నెల్ల తర్వాత నేనే వేరే లైనుకి తీసుకెళ్లాను. ముందు రోజు ఫోన్ చేసి చెప్తే వాళ్లు ఫోటోలు పంపారు: ఇది గేటు, ఇది మీరు కూర్చునే పెట్టె, ఇక్కడ కూత వేస్తారు, ఇక్కడ వెయ్యరు. ఇంజనుకి దూరంగా చివరి పెట్టెలో సీటు. కూతకి ముందు గార్డు వేళ్లతో మూడు, రెండు, ఒకటి చూపించారు. వాడు ఇప్పటికీ ఏదైనా చప్పుడు చేసే ముందు నాకు మూడు, రెండు, ఒకటి చూపిస్తాడు. మిక్సీ వేసే ముందు నేనూ చూపించాలి, లేకపోతే కేసు.

వెనక_పెట్టె_గార్డు
అమ్మా, ఆ గార్డుకి నా నమస్కారం చెప్పండి.

ఆరో_క్లాసు_టీచర్
ఇది నేను అసలు ఆలోచించలేదు. మా ఎ సెక్షన్‌లో ఒక పాప కూత మొదలవగానే ఏడ్చింది, "పిరికిది" అని పక్కనవాళ్లు అంటే నేను సర్దిచెప్పి వదిలేశా. చదువుతుంటే ఇబ్బందిగా ఉంది.

పాత_కాగితాలు
చరిత్ర చెప్పేవాడిగా నా గోల వేరు. హెరిటేజ్ రైలు అనగానే అందరూ ఇంజను దగ్గరే ఆగిపోతారు. రైలు వల్ల మనుషుల బతుకులో ఏం మారిందో ఎవరూ చెప్పరు. గడియారం తీసుకోండి. ఇంగ్లండ్‌లో ఒక్కో ఊరిది ఒక్కో టైము ఉండేది, బ్రిస్టల్ లండన్ కంటే పది నిమిషాలు వెనక. 1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన లైనంతా లండన్ టైమే అంది. బ్రిస్టల్‌లో కార్న్ ఎక్స్‌చేంజ్ గడియారానికి ఇప్పటికీ రెండు నిమిషాల ముళ్లున్నాయి, ఒకటి ఊరిది, ఒకటి రైలుది. దేశమంతటికీ చట్టంగా మారేసరికి 1880. భారతదేశంలో రైళ్లు 1905 దాకా మద్రాసు టైముతో నడిచాయి. ఈ ఒక్క గడియారం బొమ్మ గీసి "ఏ ముల్లు చూసి స్టేషన్‌కి వెళ్తావు?" అంటే ఆరో తరగతివాడికి చాలు.

బ్రిటన్‌లో చాలా హెరిటేజ్ లైన్లు ఇంకోటి చేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరు మొదటి రోజుల్లో బాంబుల భయంతో నగరాల నుంచి సుమారు 15 లక్షల మందిని పల్లెలకి తరలించారు, ఎక్కువమంది పిల్లలే, ఎక్కువగా రైళ్లలోనే. ఇప్పుడు స్కూలు పిల్లలకి మెడలో పేరు చీటీ కట్టి, చేతిలో చిన్న పెట్టె ఇచ్చి, అదే పాత రైలెక్కిస్తారు. అవతలి స్టేషన్లో ఎవరో "ఈ పిల్ల నాకు కావాలి, వాడు వద్దు" అని ఎంచుకుంటారు. ఎంచుకోకుండా మిగిలిపోయిన పిల్లాడి మొహం చూడాలి, ఆటే అని తెలిసినా.

ఇద్దరు_పిల్లల_తల్లి
చదువుతుంటేనే కడుపులో తిప్పినట్టుంది. పదేళ్ల పిల్లలతో అలాంటి ఆట అవసరమా?

పాత_కాగితాలు
అవసరమే అంటాను. అయిపోయాక అరగంట కూర్చోబెట్టి మాట్లాడించకపోతే మాత్రం చెయ్యకూడదు. వేషాలు వేసి, ఫోటో దిగి, ఇంటికెళ్లిపోతే అది యుద్ధం మీద ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. అన్నట్టు, ఆ వేషాల కోసం అసలైన పాత గ్యాస్ మాస్కులు పిల్లల మొహాలకి తగిలించకూడదు. ఆ కాలపు ఫిల్టర్లలో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంది, పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. వాడొద్దని అక్కడి స్కూళ్లకి చెప్పారు కూడా. అంతకుముందు ఎంతమంది పిల్లలు సరదాగా పెట్టుకున్నారో!

అడ్డంగా_మాట్లాడతా
అంటే చరిత్రను మరీ దగ్గరగా పీల్చకూడదన్నమాట.

వెనక_పెట్టె_గార్డు
అందరూ ఏం నేర్పాలో చెప్తున్నారు. నేర్పకుండానే పిల్లలు నేర్చుకునేది ఒకటుంది, దాని గురించి నాకు భయం. హెరిటేజ్ బండి మెల్లగా వస్తుంది. బ్రిటన్‌లో చాలావాటికి గంటకి 25 మైళ్లే పరిమితి, అంటే 40 కిలోమీటర్లు. పొగ కనిపిస్తుంది, చప్పుడు అరమైలు ముందే వినిపిస్తుంది, పట్టాలు దాటించి షెడ్డులోకి కూడా తీసుకెళ్తారు. పిల్లాడికి రైలంటే ఇలా ఉంటుందని మనసులో పడుతుంది. ఇవాళ్టి ఎలక్ట్రిక్ బండి అలా కాదు. దగ్గరికొచ్చేదాకా చప్పుడుండదు, బ్రేకు వేస్తే ఆగేసరికి ఫర్లాంగులు దాటిపోతుంది. నా సర్వీసులో చూసినవి మళ్లీ తలుచుకోవాలని లేదు. ఆ ట్రిప్‌లో ఒక్క పది నిమిషాలు దీనికి ఇవ్వండి, అదీ పట్టా పక్కనే నిలబెట్టి.

బొగ్గుమసి
గార్డు గారూ, మేం పట్టాలు దాటించేది మనిషిని పెట్టి, జెండా పట్టుకునే.

వెనక_పెట్టె_గార్డు
జెండా మీకు గుర్తుంటుంది బాబూ. వాడికి దాటడం గుర్తుంటుంది.

భయపెట్టమని కాదు, ఆట కూడా చెప్తాను. సింగిల్ లైన్లో ఎదురెదురుగా రెండు బళ్లు రాకూడదు. అందుకే టోకెన్. మా రోజుల్లో ఇనప బంతి, తోలు సంచిలో పెట్టి, దానికి పేము రింగు. పరిగెత్తే బండిలోంచి డ్రైవరు చెయ్యి చాపి రింగులో దూర్చి లాక్కునేవాడు, చెయ్యి కమిలిపోయేది. టోకెన్ చేతికి రాకపోతే సిగ్నల్ ఏం చెప్పినా కదలకూడదు. క్లాసులో సుద్దముక్కతో ఒక గీత గీయండి, రెండు చివర్లా రెండు జట్లు, మధ్యలో ఒకటే బంతి. బంతి ఉన్నవాడే నడవాలి. ఐదు నిమిషాల్లో ఎవడో ఒకడు బంతి లేకుండా పరిగెత్తి ఎదుటివాడిని గుద్దుతాడు. అప్పుడు ఆట ఆపి, ఏమైందో వాళ్లనే చెప్పమనండి.

ఊరికే_చదివేవాడు
ట్రిప్ తర్వాత వాడికి నిజంగా పిచ్చి పట్టి, రోజూ వచ్చి ఇంజను తుడుస్తానంటే రానిస్తారా? మా తమ్ముడి కొడుకు వయసు 12.

బొగ్గుమసి
లైనుని బట్టి. బ్రిటన్‌లో దీనిమీద పెద్ద తలనొప్పి. స్కూలు వయసు పిల్లల్ని రైల్వేల్లాంటి పారిశ్రామిక పనుల్లో పెట్టకూడదని 1920 నాటి చట్టం ఒకటుంది. బాలకార్మికుల కోసం చేసింది. జీతం లేకుండా సరదాగా వచ్చి ఇత్తడి తుడిచే పిల్లలకీ అది వర్తిస్తుందా అన్న చర్చ పార్లమెంటు దాకా వెళ్లింది. మాలో సగంమందికి మోకాళ్లు అరిగిపోయాయి, పన్నెండేళ్లవాడు వస్తానంటే గేటు దగ్గర ఆపాల్సి వస్తే ఎలా ఉంటుందో చూడండి.

ఆరో_క్లాసు_టీచర్
అందరూ చెప్పినవన్నీ రాసుకున్నా. అన్నీ చేస్తే మూడు రోజుల ట్రిప్ అవుతుంది. టికెట్, టోకెన్, ఫోటోలు. ఈ మూడే. వెళ్లొచ్చి చెప్తా.

ఫిజిక్స్_మాస్టారు
నా ప్లగ్గు పోయిందా?

ఆరో_క్లాసు_టీచర్
(ఏడు వారాల తర్వాత)
వెళ్లొచ్చాం. బి సెక్షన్, 58 మంది. ముందే ఫోన్ చేసి ఉపన్యాసం వద్దని చెప్పాల్సి వచ్చింది, చాలా మొహమాటపడ్డాను. అవతల కాస్త మౌనం. తర్వాత "మరి నేనేం చెయ్యను?" అన్నారు ఆ పెద్దాయన. మాకు టికెట్లకి తేదీ కొట్టి పెట్టండన్నా.

ఆ రోజు పొద్దున్నే వాన. వెళ్లేసరికి ఆవిరి ఇంజను పని చెయ్యట్లేదు, డీజిల్ ఇంజను తగిలించారు. నలుగురైదుగురు ఏడుపు మొహాలు పెట్టారు, నేనూ పెట్టి ఉంటాను. కానీ ఇంజను చల్లగా షెడ్డులో ఉండటంతో ఫైర్‌బాక్స్ తలుపు తెరిచి, టార్చి వేసి, ఒక్కొక్కళ్లనీ లోపలికి తొంగిచూడనిచ్చారు. మాస్టారూ, మీ ప్లగ్గు కనబడింది. 30 మందికి కనబడింది, ఆ తర్వాత టైము అయిపోయి మిగతావాళ్లని లాక్కొచ్చేశాం, వాళ్లు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.

టోకెన్ ఆట ముందు రోజు స్కూల్లోనే ఆడించా. గార్డు గారు చెప్పినట్టే ఒకడు బంతి లేకుండా పరిగెత్తాడు. ఎవరనుకున్నారు, మా క్లాస్ లీడర్.

ఫోటోలు అందరికీ చూపించా, ఎవరికి అవసరమో విడిగా అడక్కుండా. కూతకి ముందు మూడు, రెండు, ఒకటి అని 58 మందీ వేళ్లెత్తారు. డీజిల్ హారన్ అయినా సరే.

టికెట్లు మేమే అట్ట కత్తిరించి చేసుకున్నాం, 0000 నుంచి. పెద్దాయన మిషను దగ్గర కుర్చీ వేసుకుని ఒక్కొక్కటీ టక్, టక్. బండెక్కాక మా తోటి టీచర్ చివరి పిల్ల టికెట్ చూశారు. 0057. ఆవిడ మొహం పాలిపోయింది. "58 మంది కదా, ఒకళ్లు వెనకే ఉండిపోయారు!" అని బండి ఆపించబోయారు. తలలు లెక్కపెట్టాం, 58. మళ్లీ టికెట్ చూశాం, 57. మళ్లీ తలలు. ఇంతలో కిటికీ పక్క పాప ఒకతె చాలా ఓపిగ్గా, చిన్నపిల్లలకి చెప్పినట్టు, "టీచర్, సున్నా టికెట్ నా దగ్గరుంది" అని చెయ్యెత్తి చూపించింది. గుమాస్తా సంగతి కూడా తనే చెప్పింది: "ఇంకా అమ్మని టికెట్లలో మొదటిదాని మీద ఎంతుంటే అన్ని అమ్మినట్టు. లెక్కపెట్టక్కర్లేదు."

ఊరికే_చదివేవాడు
ఓహో. అందుకా!

బొగ్గుమసి
రెండు నెలలు పట్టింది మీకు.

వెనక_పెట్టె_గార్డు
పెద్దాయన ఎలా ఉన్నారు?

ఆరో_క్లాసు_టీచర్
వచ్చేటప్పుడు చెయ్యి పట్టుకుని, ఈసారి సున్నా టికెట్ తనకి ఇప్పించమన్నారు. అన్నట్టు ఎ సెక్షన్ అబ్బాయి ప్రశ్న డ్రైవర్‌ని అడిగాను. ఆయన గార్డు గారిలాగే నవ్వి, "పిల్లల ముందు వద్దమ్మా" అన్నారు.

ఊరికే_చదివేవాడు
మోడరేటర్ గారూ, ఇప్పుడైనా?

మోడరేటర్
వద్దు.